జక్కయ్య ఖాళీగా వదిలిన చోటు

కారంపూడి,
12 జూన్ 1958.

మహారాజశ్రీ షేక్ అబ్దుల్ జబ్బార్ గారికి,

వందనములు. నేనెవరో మీకు తెలియదు. నా పేరు రత్నకుమారి. ఇక్కడ బోర్డు స్కూల్లో రెండో తరగతికి చెబుతాను. పదహారేళ్ల కిందట మీ ఊళ్లో క్రైస్తవ మిషన్ వారి వడ్రంగం షెడ్డులో పనిచేసిన జక్కయ్య గారి అమ్మాయిని. క్లబ్బులో బిలియర్డ్స్ బల్ల దగ్గర పాయింట్లు చెప్పే ఆనాటి మార్కరు మీరే ఇంకా ఉన్నారని బస్సు కండక్టరు బాజీ చెబితే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నలభై రెండులో మా నాన్నకు మూడు నెలల జైలు పడింది. సబ్ కలెక్టరు దొర బిలియర్డ్స్ కర్రను బాగుచేయమని ఇస్తే, దాని మీదున్న వెండి పేరుబిళ్ళను గీకి దొంగిలించాడని కేసు. మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నాకు ఆరేళ్లు. మా నాన్న దొంగ అని నమ్మే నేను పెరిగాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే. బళ్లో పిల్లల బలపాలు పోతే నా మొహం చూసేవాళ్లు. ఇంటికొచ్చి నేను మా నాన్న మొహం చూసేదాన్ని.

మొన్న ఈస్టరు వెళ్లిన వారానికి ఆయనకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట ముద్దగా వస్తోంది. ఆ ముద్దమాటల్లోనే ఇన్నేళ్లకు నోరు విప్పాడు. "ఆ కర్ర దొరది గాదమ్మా. నేను జేసింది. నేను జేసినదానికి బిళ్ళ యాడిది?" అన్నాడు. రోజూ అదే మాట.

ఈ ఏడు దాటడం కష్టమని గురజాల డాక్టరు గారు చెప్పారు. శిక్ష పడిన రోజునే మా చర్చి సంఘపు పుస్తకంలోంచి ఆయన పేరు కొట్టేశారు. కొట్టేసిన పేరుకు మా దగ్గర గంట కొట్టరు, పాస్టరు గారు రారు, సమాధుల గోడ లోపల చోటివ్వరు. మా అమ్మ కరుణమ్మ ఆ గోడ లోపలే ఉంది. ఆమె పక్కన పడుకోవాలని ఆయన ఆశ. ఆయనకిప్పుడు మిగిలిన ఆశ అదొక్కటే.

ఆ కర్ర ఇంకా మీ క్లబ్బులో ఉందా? ఉంటే, అది ఎవరి చేతి పనో తేల్చడానికి దారేమైనా ఉందా? మీరు రోజూ కర్రలు పట్టుకునేవారు. మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నేను రాస్తున్నట్టు నాన్నకు తెలియదు.

రత్నకుమారి.


నరసరావుపేట,
27 జూన్ 1958.

అమ్మాయి రత్నకుమారికి అబ్దుల్ జబ్బార్ దీవెనలు.

నీ ఉత్తరం చేరి పది రోజులు దాటింది. నాకు తెలుగు చదవడం వచ్చు గానీ రాయడం నత్తనడక. జక్కయ్యకు ఒక పక్క పడిపోయిందని చదివి ఆ పూట అన్నం సయించలేదు. ఎలాంటి చేతులమ్మా అవి! ఆయన చిత్రిక పట్టిన బల్ల మీద చీమ కూడా జారిపడాల్సిందే.

నువ్వడిగిన కర్ర ఉంది. స్టాండులో నాలుగో గాడి దానిది. నిన్న మధ్యాహ్నం మెంబర్లు రాకముందు కిటికీ దగ్గర పెట్టుకుని నీ కోసం తీరిగ్గా చూశాను. ముందుభాగం పసుపుపచ్చ చెక్క, వెలుతురుకు పట్టుగుడ్డలా మెరుస్తుంది. చేత్తో పట్టుకునే వెనకభాగం నల్లకర్ర. నలుపు నాలుగు కోణాలుగా పసుపులోకి ఎక్కి ఉంది. ఆ అతుకులో వెంట్రుక కూడా దూరదు. అడుగున బరువు కోసం సీసం పోసి చెక్క బిరడా కొట్టారు. మిగతా ఇంగ్లీషు కర్రలు వానాకాలం ఉబ్బుతాయి, ఎండాకాలం వంగుతాయి. ఇది మాత్రం పదహారేళ్లలో కొంచెమైనా వంకర తిరగలేదు. మా కుర్ర వకీళ్లు దీనికోసం పోట్లాడుకుంటారు. మద్రాసు సరుకనో లండన్ సరుకనో తలా ఒకటి అంటారు. పేరూ ఊరూ ఏమీ లేదు. పట్టుకునే చోటికి పైన బొటనవేలంత చదును మాత్రం ఉంది. మామూలుగా కంపెనీ బిళ్ళ ఉండే చోటు అది. అక్కడ ఏమీ లేదు.

ఇక చేసిందెవరంటావా, నేను కర్రలు తుడిచేవాణ్ణి, ఆటలో పాయింట్లు చెప్పేవాణ్ణి. చెక్క సంగతి నాకేం తెలుసు? కోర్టు సంగతులు పెద్దవాళ్లవి. అప్పటి సెక్రటరీ త్రికోటేశ్వరరావు గారే ఇప్పుడు ప్రెసిడెంటు. నేనుండే వెనక గది కూడా ఆయన దయే.

నువ్వు ఇక్కడికి రావద్దు తల్లీ. ఆడపిల్లలు క్లబ్బు గడప ఎక్కడం ఇక్కడ లేదు. ఏం కావాలన్నా ఉత్తరం రాయి.

అబ్దుల్ జబ్బార్.


కారంపూడి,
20 జులై 1958.

జబ్బార్ బాబాయ్ గారికి వందనములు.

బాబాయ్ అన్నందుకు ఏమీ అనుకోకండి. నాన్న చేతుల గురించి ఒక మంచిమాట రాసినవాళ్లు నాకు తెలిసి మీరొక్కరే. ఆ వాక్యం పదిసార్లు చదువుకున్నాను.

మీరు రాసిన ఆనవాళ్లు ఒక్కొక్కటే నాన్నకు చెప్పాను, ఎక్కడివో చెప్పకుండా. పసుపుపచ్చ చెక్క అనగానే ఆయన ఎడమచెయ్యి లేచింది. "బిల్లుడు కర్ర. మనూరి చెన్నమ్మ గారి బండి నొగ" అన్నాడు. ఇరవై ఏళ్లు ఎద్దుల మధ్య ఎండకు ఎండి వానకు తడిసిన నొగట అది. ఇక వంగాల్సిన వంకరలన్నీ అప్పుడే వంగిపోయాయి, మిగిలింది తిన్నటి చెక్కేనట. నల్లది తుమికి చేవ. నలభై ఏళ్ల చెట్టు కొడితే చెయ్యిలావు నలుపు దొరుకుతుందట. ఇంగ్లీషు దొర కర్రలో చెన్నమ్మ గారి బండి నొగ ఎందుకుంటుంది బాబాయ్?

చదును సంగతి కూడా అడిగాను. విని ఏడవాలో నవ్వాలో తెలియలేదు. దొర కర్ర విరిగిపోతే అచ్చం అలాంటిదే చెయ్యమని క్లబ్బు నుంచి ముక్కలు తెచ్చిచ్చారట. "ఉన్నది ఉన్నట్టు జెయ్యమన్నారు, జేశా. బిళ్ళ చోటు గూడ జేశా. బిళ్ళ మీద దొర పేరుండె. ఆ పేరు నాది గాదు, నేనెట్టా రాస్తా? నా పేరు రాసుకోనియ్యరు. అందుకని వదిలేశా" అన్నాడు. ఆ వదిలేసిన చోటు చూపించే కోర్టులో బిళ్ళ గీకేశాడన్నారు. అంత నిక్కచ్చిగా చెయ్యకపోయినా బాగుండేది. నాన్నకు మాత్రం పని అంటే అంతే. మూడొంతులు చేసి వదలడం రాదు.

ముక్కలు తెచ్చిచ్చింది ఎవరు నాన్నా అంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ అడగలేకపోయాను.

సంఘ పెద్ద కృపావరం గారిని కలిశాను. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. "కోర్టు దొంగన్న మనిషిని నేనెట్టా మంచోడనేదమ్మా? ఆ కర్ర జక్కయ్య జేసిందని తేలితే ఆ పూటే పేరు ఎక్కిస్తా" అన్నాడు. మాట ఇచ్చాడు.

తేల్చడానికి ఒక దారి ఉంది. నాన్న ఏది చేసినా, మంచమైనా ఉయ్యాలైనా, చివరి మేకు కొట్టే ముందు ఆ రంధ్రంలో కాసిని జొన్నగింజలు వేస్తాడు. చేసిన వస్తువు ఉన్న ఇంట్లో తిండికి లోటుండకూడదని. అమ్మ దోసిట్లో తెచ్చి ఇచ్చేది. కారంపూడిలో ఏ పాతమంచం విప్పినా అవి ఉంటాయి. అది ఊరందరికీ తెలుసు. మీ కర్ర అడుగున చెక్క బిరడా ఉందన్నారు గదా. దాని కింద చూడాలి.

మీ రత్నకుమారి.


నరసరావుపేట,
14 ఆగస్టు 1958.

చిరంజీవి రత్నకుమారికి,

ఉన్నాయి! ఉన్నాయమ్మా!

ఈ మాట ముందు రాసేసి తరవాత సంగతి చెబుతున్నాను. సోమవారం పొద్దున్నే, హాలు ఊడ్చేవాళ్లు కూడా రాకముందు, తలుపు గడియ పెట్టుకుని వేడినీళ్ల గుడ్డతో బిరడాను తడిపాను. అతికించిన వజ్రం జిగురు మెత్తబడి వదలడానికి రెండు గంటలు పట్టింది. చెమట ధారలు కట్టింది. బిరడా ఊడివచ్చాక కర్ర తిరగేసి తడితే సీసం మీద నుంచి నా అరచేతిలో రాలాయి. ఏడు గింజలు. ఎండి రాళ్లయ్యాయి గానీ రంగు కూడా పూర్తిగా పోలేదు. నేనక్కడే ఏడ్చేశాను. నా వయసు అరవై రెండు. అంతలా ఏడ్చి ఎన్నేళ్లయిందో.

బిరడా మళ్లీ ఎప్పటిలా అతికించేశాను, ఎవరికీ అనుమానం రాదు. గింజలు పోస్టులో నలగకుండా దూదిలో పెట్టి, పచ్చకాగితంలో మడిచి దీనితో పంపుతున్నాను. కృపావరం గారికి చూపించు. జక్కయ్య చేతిలో పెట్టు. ఇక మీ కష్టం గట్టెక్కినట్టే.

అబ్దుల్ జబ్బార్.


కారంపూడి,
2 సెప్టెంబరు 1958.

బాబాయ్ గారికి వందనములు.

గింజలు అందాయి. నాన్న ఎడమ అరచేతిలో పోశాను. చానాసేపు బొటనవేలితో కదుపుతూ ఉన్నాడు. ఎలా వచ్చాయో ఇక దాచలేక మీ పేరు చెప్పాను. కళ్లు మూసుకున్నాడు. "జబ్బారు బాగున్నాడా? ఆడి పిల్ల బాగుందా?" అన్నాడు. మీకొక అమ్మాయి ఉన్నట్టు నాకు తెలియదు. ఎలా ఉందో రాయండి, చెబుతాను.

కృపావరం గారి దగ్గరికి వెళ్లాను. కాగితం విప్పి చూసి, తిరిగి మడిచి నా చేతిలోనే పెట్టాడు. "జొన్నలు మా ఇంట్లో గూడ ఉండయ్ తల్లీ" అన్నాడు. పక్కనున్న వాళ్లు నవ్వారు. అంతా అయిపోయాక నాకు సంగతి తట్టింది. బిరడా ఊడదీసేటప్పుడు నలుగురిని పిలవాలని నేను మీకు రాయలేదు. పిలవాలని మీకు తోచలేదు. ఇంకో నాలుగు గింజలు లోపల పెట్టి మళ్లీ తీద్దామా అని కూడా ఒక క్షణం అనుకున్నాను. పదహారేళ్లకు అప్పుడు నిజంగా దొంగ కూతుర్నయ్యేదాన్ని.

మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. మంచి చేయబోయారు. కానీ బాబాయ్, గింజలకు నోరు లేదు. మీకు ఉంది. మీరు ఒక్కసారి కారంపూడి వచ్చి, అడుగున గింజలు నా చేత్తో తీశానని పెద్దల ముందు చెప్పండి. అప్పట్లో క్లబ్బులో ఏం విన్నారో, ఏం చూశారో అది కూడా చెప్పండి. నరసరావుపేట బస్సు మా బడి ముందే ఆగుతుంది. నాన్న రోజు రోజుకీ తగ్గిపోతున్నాడు. ఇప్పుడు గంజి తప్ప దిగడం లేదు.

మీ రత్నకుమారి.


నరసరావుపేట,
10 అక్టోబరు 1958.

అమ్మాయి రత్నకుమారికి,

ఆలస్యానికి మన్నించు. మోకాళ్లు పట్టేశాయి. దసరా పోటీలకు గుంటూరు నుంచి కూడా మెంబర్లు వస్తున్నారు, బల్లకు కొత్త గుడ్డ వేస్తున్నారు, ప్రెసిడెంటు గారు గడప దాటనివ్వరు. నా పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

నేనొక అనామకుణ్ణి. నా మాటకు విలువేముంది? కర్రను ఎవరైనా పెద్ద వడ్రంగికి చూపిస్తే చెక్కను బట్టి చెప్పగలడేమో. ఆ దారి ఆలోచించు.

మా అమ్మాయి బాగుంది. వినుకొండలో కాపురం. ఇద్దరు పిల్లలు.

అబ్దుల్ జబ్బార్.


కారంపూడి,
24 నవంబరు 1958.

షేక్ అబ్దుల్ జబ్బార్ గారికి,

బడికి సెలవు పెట్టి కోర్టుకు వెళ్లి తీర్పు నకలు తీసుకున్నాను. మీ క్లబ్బు గేటు ముందు నుంచే నడిచి వెళ్లాను. లోపల బంతులు తగిలే చప్పుడు వినిపించింది.

నకల్లో మొదటి సాక్షి త్రికోటేశ్వరరావు గారు. రెండో సాక్షి క్లబ్బు మార్కరు షేక్ అబ్దుల్ జబ్బార్. "కర్రను నేనే జక్కయ్య షెడ్డుకు తీసుకెళ్లి ఇచ్చాను. ఇచ్చినప్పుడు వెండి బిళ్ళ ఉన్నది. తెచ్చుకున్నప్పుడు లేదు. అది దొర గారి కర్రే." మీ మాటలే. కింద మీ సంతకం ఉంది. నాకు రాసే ఉత్తరాల్లో సంతకం కూడా ఇదే, ఒక్క గీత మారలేదు.

చెక్క సంగతి మీకు తెలియదన్నారు. కోర్టు సంగతి పెద్దవాళ్లదన్నారు. జూన్ నుంచి నేను నొగ అనీ తుమికి అనీ గింజలనీ వెతుకుతుంటే మీరు కూడా నాతోపాటు వెతికారు. ఎందుకు వెతికారు? మీరు ఒక్క మాట అంటే సరిపోయేదానికి?

నాన్నకు ఇంకా ఊపిరుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

రత్నకుమారి.


నరసరావుపేట,
3 జనవరి 1959.

అమ్మా రత్నకుమారీ,

నలభై రోజులు నీ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను. ఇక దాచేదేమీ లేదు.

నలభై రెండు మార్చిలో, ఆట ఓడిపోయిన కోపంలో త్రికోటేశ్వరరావు గారు దొర కర్రను బల్ల అంచుకేసి కొట్టారు. రెండు ముక్కలైంది. దొర సెలవు మీద చల్లగాలికి కొండలకు వెళ్లి ఉన్నాడు. అతను వచ్చేలోగా అచ్చం అలాంటిది చేయించమని ముక్కల్ని నాకిచ్చారు. జక్కయ్యకు తీసుకెళ్లింది నేనే. పదకొండు రోజులు సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని చూశాను. నొగ కోయడం, చిత్రిక పట్టడం, వజ్రం కాయడం అన్నీ చూశాను. మీ అమ్మ జొన్నలు తెచ్చి ఇవ్వడం కూడా చూశాను తల్లీ. అందుకే, అవి అక్కడ ఉంటాయని నువ్వు చెప్పకముందే నాకు తెలుసు. తెలిసి కూడా, గింజలే సాక్ష్యం చెబితే నేను చెప్పక్కర్లేదని ఆశపడ్డాను.

పాత ముక్కలు కూడా సెక్రటరీ గారికే తిరిగిచ్చాను, బిళ్ళను కొత్తదానికి మార్పించాలని ఆయనకు తోచలేదు. దొర తిరిగొచ్చి బిళ్ళ ఏదని అడిగాడు. సెక్రటరీ గారు నేరం జక్కయ్య మీదికి నెట్టారు. నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. విరిగిన కర్రకున్న బిళ్ళను ఊడదీసి నా చేతిలో పెట్టారు. అప్పటికి మా పిల్లకు నెల దాటి వస్తూ పోతూ జ్వరం, ఏడు రోజులుగా కళ్లు తెరవడం లేదు. దర్గా దగ్గరుండే ఫకీరు మస్తాను వెండి తాయెత్తు కట్టమన్నాడు. నా ఇంట్లో వెండి లేదు. ఆ బిళ్ళను కరిగించి తాయెత్తు చేయించి మెడలో కట్టాను. కోర్టులో నేను అబద్ధం చెప్పిన రోజు సాయంత్రమే పిల్ల లేచి నీళ్లడిగింది.

నువ్వు నవ్వుతావేమో. నిజం చెబితే అల్లా పిల్లను వెనక్కి తీసుకుంటాడని పదహారేళ్లు భయపడ్డాను. గది పోతుందన్నది చిన్న భయం. అది పెద్ద భయం.

ఇదంతా వేరే కాగితం మీద రాసి, పోస్టు మాస్టరు నాగభూషణరావు గారి ముందూ మా మసీదు పెద్ద ముందూ సంతకం చేశాను. వాళ్లిద్దరూ సాక్షి సంతకాలు పెట్టారు. ఈసారి నలుగురి ఎదుట చేశాను. ఆ కాగితం దీనితోనే ఉంది. ప్రెసిడెంటు గారికి కూడా చెప్పేశాను. నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నారు. అంతవరకే కర్రలు నా చేతిలో ఉంటాయి.

ఒక్కటి అడుగుతాను. వెళ్లేలోగా ఆ చదును మీద జక్కయ్య పేరు చెక్కించనా? ఇక్కడొక కంసాలి ఉన్నాడు, ముత్యాల్లాంటి అక్షరాలు. జక్కయ్యతో చెప్పి ఒక్క ముక్క రాయి. ఆదివారం బస్సుకు నేనే వచ్చి ఆయన కాళ్లు పట్టుకుంటాను.

జబ్బార్.


కారంపూడి,
9 జనవరి 1959.

జబ్బార్ గారికి,

మీ ఉత్తరం ఆరో తేదీన వచ్చింది. నాన్న ఒకటో తేదీ పొద్దున పోయాడు. కొత్త సంవత్సరం ఆరాధనకు గంట కొడుతున్నారు. ఆ గంట ఆయన కోసం అనుకున్నాడేమో, తల కొంచెం ఎత్తాడు. నేను కాదని చెప్పలేదు.

గోడ బయట, దక్షిణం వైపు, కంప కొట్టించి గొయ్యి తవ్వించాను. పాస్టరు గారు రాలేదు. నాకొచ్చిన కీర్తన ఒకటి నేనే పాడాను. నాన్న దగ్గర పని నేర్చుకున్న హనుమయ్య పెట్టె చేశాడు. చివరి మేకు కొట్టబోతూ నా వైపు చూసి చెయ్యి చాపాడు. మీరు పంపిన ఏడు గింజలూ ఇచ్చేశాను.

మీ కాగితం కృపావరం గారికి ఇచ్చాను. రెండుసార్లు చదివాడు, కళ్లు తుడుచుకున్నాడు. మాట తప్పలేదు, అక్కడికక్కడే పుస్తకం తెప్పించి జక్కయ్య అని పేరు ఎక్కించాడు. ఎక్కించి, ఆ కలం కింద పెట్టకుండానే పేరుకెదురుగా "నిద్రించెను" అని రాశాడు. ఒకే రోజు, ఒకే సిరా. సమాధి లోపలికి మార్చమని అడిగాను. పూడ్చిన మనిషిని కదిలించడం మా సంఘంలో లేదన్నాడు. అమ్మకూ నాన్నకూ మధ్య ఇప్పుడు ఆ గోడ ఉంది. నా భుజం ఎత్తు కూడా లేదు.

మీరు ఆదివారం రావద్దు. పట్టుకోవడానికి కాళ్లు లేవు.

ఇంకో సంగతి మీకు తెలియాలి. క్రిస్మస్ నాడు తీర్పు నకలు నాన్నకు చదివి వినిపించాను. మీ పేరు రాగానే ఆపమన్నాడు. "ఆడి పిల్లకు జొరమమ్మా అప్పుడు. నా పక్కన కూసున్నాడే గాని ధ్యాసంతా దాని మీదే. ఆడేం జేస్తాడు" అన్నాడు. ఆయనకు మొదటి నుంచీ తెలుసు. మీ పేరు బయటికి రాకూడదనే నా వైపు కాకుండా గోడవైపు తిరిగాడు. నాకు ఒళ్లు మండింది. "నేను గూడ అప్పుడు ఆరేళ్ల పిల్లనే గదా నాన్నా" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పుడు రోజూ ఏడుస్తున్నాను. పోయేముందు ఆయన నా దగ్గర విన్న పెద్ద మాట అదే.

మీ అమ్మాయి బతికినందుకు నాకేమీ దుఃఖం లేదు. చల్లగా ఉండనీండి. ఆ తాయెత్తు తీయించకండి.

కర్ర మీద పేరు మాత్రం చెక్కించవద్దు. పేరు పడితే మీ వకీళ్లు ఎవరీ జక్కయ్య అని ఒకరోజు అడుగుతారు, మెచ్చుకుంటారు, మర్చిపోతారు. మీ మనసు తేలికపడుతుంది. ఆయన ఆ చోటు ఖాళీగా వదిలాడు, ఖాళీగానే ఉండాలి. నెలాఖరు దాకా కర్రలు తుడిచేది మీరే గదా. నాలుగో గాడిలోది కూడా రోజూ తీసి తుడవండి. బొటనవేలు ఆ చదును మీదికి వస్తుంది.

రత్నకుమారి.